ప్రాజెక్టు డైరీ: క్యాటలాగుకి మాటలు నేర్పుదామని

మొదటి వారం

మా చదువరుల గ్రూపులో నెలకోసారైనా వినబడే ప్రశ్న: "మొన్నామధ్య ఎవరో ఓ పుస్తకం చెప్పారు, పేరేంటండీ?" చెప్పినాయనకి కూడా గుర్తుండదు. వేలు అరిగేలా వెనక్కి జరుపుకుంటూ పోతే, శుభోదయాలూ పుట్టినరోజులూ దాటాక ఎక్కడో ఓ ఫొటో దొరుకుతుంది. అందులో అట్ట సగమే పడి ఉంటుంది. ఆ పుస్తకం పబ్లిక్ లైబ్రరీలో మూడో బీరువాలో ఉందని గ్రూపులో ఎవరికీ తెలీదు. దాని గురించి ఇరవైమంది ఓ రాత్రంతా వాదించుకున్నారని లైబ్రరీకి తెలీదు.

ఈ రెంటికీ మాట కలపడమే ప్రాజెక్టు. నేను వాలంటీరుని. ప్రోగ్రాములు రాయడం వచ్చు, లైబ్రరీ శాస్త్రం రాదు. (తర్వాత చేర్చిన మాట: ఈ రాకపోవడమే ఏడో వారంలో మెడకి చుట్టుకుంది.)

లైబ్రరీ కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. న్యూజిలాండ్‌లో హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాళ్లు, తమ పాత సిస్టమ్ 2000 సంవత్సరం దాటి బతకదేమోనని 1999లో కటిపో అనే కంపెనీ చేత రాయించుకున్నారు. 2000 జనవరికల్లా వాడుకలో పెట్టి, ఎవరైనా వాడుకోండంటూ వదిలేశారు. రాసింది పెర్ల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. నేను పెర్ల్ ముట్టుకుని ఏళ్లయింది. పాత స్నేహితుడి చేతిరాతలా ఉంది, సగం అర్థమవుతోంది, మిగతా సగం ఊహించుకుంటున్నా.

ఆలోచన కొత్తదేం కాదు. 2005లో టిమ్ స్పాల్డింగ్ లైబ్రరీథింగ్ మొదలెట్టాడు. ఎవరి ఇంటి పుస్తకాల జాబితా వాళ్లు రాసుకోవచ్చు, పక్కవాళ్ల బీరువాలోకి తొంగిచూడొచ్చు. 2007లో, చదివిన పుస్తకాలకి రేటింగులూ అభిప్రాయాలూ రాసుకునే గుడ్‌రీడ్స్ వచ్చింది, 2013లో దాన్ని అమెజాన్ కొనుక్కుంది. అదే 2007లో అమెరికాలోని యాన్ ఆర్బర్ జిల్లా లైబ్రరీ, జాన్ బ్లైబర్గ్ రాసిన ప్రోగ్రాముతో, తన క్యాటలాగులోనే పాఠకుల చేత ట్యాగులూ (పుస్తకానికి తగిలించే చిన్న గుర్తుమాటలు) రేటింగులూ పెట్టించింది. మొదటి రెండింటికీ మూడోదానికీ ఓ తేడా ఉంది, నాకు అది ఇంకా పూర్తిగా మాటల్లోకి రావడం లేదు. అక్కడ బీరువా నాది, నలుగురికీ చూపించుకోడానికే తెరుస్తాను. లైబ్రరీలో బీరువా నాది కాదు.

రెండో వారం

కోహా సెట్టింగులు తవ్వితే కావాల్సినవి చాలావరకు అందులోనే ఉన్నాయి. ట్యాగులకో మీట, పాఠకుల అభిప్రాయాలకో మీట, అందరికీ కనిపించే జాబితాలకో మీట. ట్యాగు ఎవరు పెట్టినా సిబ్బంది సరే అన్నాకే కనబడేలా కూడా పెట్టుకోవచ్చు. పరీక్ష సర్వరులో అన్నీ ఆన్ చేసి కాసేపు మురిసిపోయాను.

ఆ తర్వాత ఏ పుస్తకం తెరిచినా ఒకటే పాట. ట్యాగులు లేవు. అభిప్రాయాలు లేవు. జనం రాని తిరనాళ్లలా ఉంది. గ్రూపులో అంత మాట్లాడేవాళ్లు ఇక్కడ నోరెందుకు విప్పరంటే, ఖాళీ గదిలో మొదట మాట్లాడాలంటే ఎవరికైనా మొహమాటమే. చిన్న లైబ్రరీలకి ఇది పాత జబ్బు. అందుకే లైబ్రరీథింగ్ వాళ్లు 2007లో తమ సభ్యులు రాసిన ట్యాగుల్ని ఐఎస్‌బీఎన్ (పుస్తకం అట్ట మీదుండే అంతర్జాతీయ నంబరు) పట్టుకుని లైబ్రరీ క్యాటలాగుల్లోకి తెచ్చి పెట్టే ఏర్పాటు చేశారు. కెనడాలో పుట్టిన బిబ్లియోకామన్స్ అనే క్యాటలాగుల కంపెనీ ఇంకో దారి పట్టింది. చాలా లైబ్రరీల పాఠకుల్ని ఒకే కొలనులో కలిపేసింది, ఒక చోట రాసింది ఇంకో చోటా కనబడుతుంది.

నా మొదటి ప్లాను గుడ్‌రీడ్స్ నుంచి తెచ్చుకోవడం. ఆ ప్లానుకి కాలదోషం పట్టింది. 2020 డిసెంబరు నుంచి వాళ్లు బయటివాళ్లకి కొత్త ఏపీఐ తాళాలు (బయటి ప్రోగ్రాములు వాళ్ల డేటా తీసుకోడానికి కావాల్సిన అనుమతులు) ఇవ్వడం మానేశారు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల ఓపెన్ లైబ్రరీ తలుపులు మాత్రం బార్లా తెరిచే ఉన్నాయి, డేటా మొత్తం దించుకోవచ్చు. దొరికినన్ని అట్టబొమ్మలు తెచ్చుకున్నా. తెలుగు పుస్తకాలకి మాటలు మాత్రం అక్కడ పెద్దగా లేవు. మనమే రాసుకోవాలి.

మూడో వారం

ఆదివారం చదువుగదిలో పన్నెండుమందిమి కూర్చున్నాం. తలా ఓ పుస్తకాల దొంతర. చదివినవాటికి మాత్రమే, తోచిన ట్యాగులు పెట్టమన్నాను.

క్యాటలాగులో "తెలుగు కల్పన, 20వ శతాబ్దం" అని ఉన్న పుస్తకాలకి వాళ్లు పెట్టినవి: రైల్లో అయిపోతుంది. అమ్మమ్మ భాష. చివర ఏడిపిస్తుంది. రెండోసారి బావుంటుంది. ముసురు పట్టిన రోజుకి. ఇలా జనం సొంతంగా పేర్లు పెట్టుకుని వర్గీకరించుకోడాన్ని 2004లో థామస్ వాండర్ వాల్ ఫోక్సానమీ అన్నాడు. పేరు ఏదైతేనేం, ఆ గంటన్నరలో అన్నిటికంటే ఎక్కువమంది, ఒకరితో ఒకరు అనుకోకుండా, పెట్టిన ట్యాగు "పెద్దక్షరాలు". గ్రూపులో సగంమందికి అరవై దాటాయి మరి. మార్క్ రికార్డు (క్యాటలాగులో ఒక్కో పుస్తకానికీ ఉండే వివరాల పట్టీ) తీసి చూస్తే 008 ఫీల్డులో పెద్ద అచ్చు అని చెప్పడానికి ఒక కోడు ఉండనే ఉంది. మా క్యాటలాగులో దాన్ని నింపినవాళ్లే లేరు. లైబ్రరీలో ఉన్న పెద్దక్షరాల పుస్తకాలన్నీ ఒక్క నొక్కుతో దొరకడం ఇదే మొదటిసారి. ఇదొక్కటి జరిగినా ప్రాజెక్టు దండగ కాదనిపించింది.

సోమవారం ట్యాగుల పేజీ చూస్తే "సైన్స్" అని రెండుసార్లు ఉంది. ఒకదాని కింద నాలుగు పుస్తకాలు, ఇంకోదాని కింద ఏడు. కంటికి రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. అరగంట కొట్టుకున్నాక బైట్లు విప్పి చూశాను. రెండోదాని చివర, పొల్లు తర్వాత, కంటికి ఆనని అక్షరం ఒకటి కూర్చుంది. జీరో విడ్త్ నాన్ జాయినర్. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో ట కింద వ వత్తు పడకుండా అడ్డుపెట్టడానికి వాడేది. కొన్ని కీబోర్డులు పొల్లుతో ముగిసే ప్రతి మాటకీ దాన్ని అడక్కుండానే తగిలిస్తాయి. అంటే "సైన్స్" అని రాసినవాళ్లు, తాము వాడే కీబోర్డుని బట్టి, తమకి తెలీకుండానే రెండు పార్టీలుగా చీలిపోయారు. ఐత్వంతో ఇంకో గొడవ. అది ఒకే గుర్తుగానూ రావచ్చు, ఎత్వం గుర్తూ దాని కింద ఇంకో గుర్తూ విడివిడిగానూ రావచ్చు.

పరిష్కారం: రాసినవాళ్లు రాసినట్టే దాచి, పోల్చడానికి మాత్రం పక్కన ఒక తాళంమాట తయారుచేయడం. అందులో కనబడని అక్షరాలు తీసేసి, యూనికోడ్ పద్ధతిలో ఒకే రూపానికి తేవడం. ఇరవై లైన్లు. నవల, నవలలు, నవళ్లు అనే మూడింటిని కలపడానికి మాత్రం ప్రోగ్రాము రాయలేదు. లైబ్రరీథింగ్‌లో ఆ పని సభ్యులే చేస్తారు, ఈ ట్యాగూ ఆ ట్యాగూ ఒకటే అని వాళ్లే కలుపుతారు. ఇక్కడా అంతే. దాని మీద జరిగే పోట్లాటలు కూడా చదువులో భాగమే అనుకుంటున్నా.

నాలుగో వారం

ఒకావిడ ఓ నవల గురించి అరపేజీ రాశారు, చక్కగా. మర్నాడు ఫోన్ చేసి "తీసేశారేం?" అన్నారు. తీయలేదు. ఆవిడ రాసింది ఒక ముద్రణ కింద, వెతికింది ఇంకో ముద్రణ కింద. ఆ నవల మా దగ్గర నలుగురు ప్రచురణకర్తల నుంచి నాలుగు రికార్డులుగా ఉంది.

ఐఎస్‌బీఎన్‌తో కలుపుదామంటే, అదొచ్చింది 1970 ప్రాంతంలో. అంతకు ముందరి పుస్తకాలకి నంబరే లేదు. 2007కి ముందువి పది అంకెలు, చివర కొన్నిసార్లు ఎక్స్ అనే అక్షరం. తర్వాతివి పదమూడు. పైగా ప్రతి ముద్రణకీ నంబరు వేరే ఉండాలన్నది ఆ పద్ధతిలోనే ఉంది, కనక అది విడదీయడానికి పనికొస్తుంది గానీ కలపడానికి కాదు. లైబ్రరీల అంతర్జాతీయ సమాఖ్య 1998లోనే దీన్ని నాలుగు మెట్లుగా విడగొట్టి చెప్పింది: రచన, అది తీసుకున్న రూపం, ముద్రణ, చేతిలో ఉన్న ప్రతి. మనం మాట్లాడుకునేది రచన గురించి. లైబ్రరీ చేతికిచ్చేది ప్రతి. క్యాటలాగు రికార్డు ఉన్నది ముద్రణకి. ఆవిడ అరపేజీ ఈ మెట్ల మధ్య పడి పోయింది.

నేను రాసిన మొదటి ప్రోగ్రాము పేరుని బట్టి కలిపింది. "కథలు" అనే పేరున్న పుస్తకాలు పదకొండు ఉన్నాయని అప్పుడే తెలిసింది. పదకొండుమంది రచయితలు ఒక్కటైపోయారు. రచయిత పేరు కూడా చేర్చాను. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట పొడి అక్షరాలు, ఒకచోట కలంపేరు. చివరికి ప్రోగ్రాము అనుమానం చెబుతుంది, మనిషి అవునో కాదో అంటాడు. మెల్లగా సాగుతోంది.

ఐదో వారం

ఉద్యోగంలో ఊపిరాడలేదు. చేసిందల్లా రోజూ రాత్రి డేటాబేసు బ్యాకప్ వేరే డిస్కులోకి వెళ్లేలా పెట్టడం. ముప్పై రోజులవి ఉంటాయి. గర్వంగా ఉంది.

ఆరో వారం

నక్షత్రాలు తీసేశాను.

రేటింగులు పెట్టి రెండు వారాలైంది. ఎక్కువ పుస్తకాలకి ఒకరో ఇద్దరో ఇచ్చారు. ఒకరు ఐదూ ఒకరు ఒకటీ ఇస్తే సగటు మూడు. ఆ పుస్తకం మధ్యస్తంగా ఉందని ఎవరూ అనలేదు, అయినా తెర మీద కనబడేది అదే. ఎక్కువ రేటింగులున్నవి పైన వచ్చేలా పెట్టాను కదా, పైనున్నవే కంటపడ్డాయి, కంటపడ్డవాటికే మళ్లీ రేటింగులు. పది పుస్తకాలు అక్కడే పాతుకుపోయాయి. ప్రతి పుస్తకానికీ ఓ పాఠకుడు ఉంటాడని, లైబ్రరీ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ 1931లో రాసిన మూడో సూత్రం. నేను పెట్టిన వరస మిగతా పుస్తకాల్ని వాటి పాఠకుల నుంచి దాచేస్తోంది.

పెద్దచోట్ల ఇది ఎంతదూరం పోతుందో 2023 జూన్‌లో లోకం చూసింది. ఉక్రెయిన్ యుద్ధం నడుస్తుండగా, రష్యాలో జరిగే కథతో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ ఓ నవల ప్రకటిస్తే, ఇంకా అచ్చే కాని దానికి గుడ్‌రీడ్స్‌లో వందలకొద్దీ ఒంటి నక్షత్రాలు పడ్డాయి. ఆవిడ విడుదల ఆపేసుకుంది. అందులో కోపం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. చదవని పుస్తకానికి మార్కులు వేసే వీలు సాఫ్ట్‌వేరే కల్పించింది, నా మనసులో పడ్డది అదీ.

నక్షత్రాల చోట ఒకే ప్రశ్న పెట్టాను: "ఇది ఎవరికి నచ్చుతుంది?" ఒక లైను రాసేంత చోటు. గ్రూపులో ఓ రిటైర్డు మాస్టారున్నారు, ఆయన చేత మూడు నక్షత్రాలు ఇప్పించుకున్న పుస్తకం లేదు. గతవారం రెండు నక్షత్రాలు ఇచ్చిన నవలకే ఈసారి రాశారు: "మొదటి యాభై పేజీలు ఓర్చుకోగలిగినవాళ్లకి. ఆ తర్వాత పుస్తకం కింద పెట్టరు." మనిషి అదే, అభిప్రాయం కూడా బహుశా అదే. అడిగిన తీరు మారింది. ఆ వారం ఆ నవలని ముగ్గురు తీసుకెళ్లారు.

ఏడో వారం

ఇది రాయబుద్ధి కావడం లేదు.

"ఈ పుస్తకం తీసుకున్నవారు ఇవి కూడా తీసుకున్నారు" అనే పెట్టె ఒకటి కట్టాను. పేర్లుండవు, అంకెలుండవు, పుస్తకాలు మాత్రమే. తిరిగొచ్చిన పుస్తకాల వివరాలు కోహాలో ఒక టేబుల్‌లో ఉంటాయి, ఏ ప్రతి ఏ సభ్యుడు ఎప్పుడు తీసుకున్నదీ. దాన్ని అటూ ఇటూ కలిపితే చాలు, ఒక సాయంత్రం పని. శుక్రవారం రాత్రి అసలు సర్వరులో పెట్టేశాను.

శనివారం పొద్దున గ్రూపులో ఒకాయన సరదాగా రాశాడు: ఫలానా కవితా సంపుటి చదివినవాళ్లు విడాకుల చట్టం పుస్తకాలు కూడా చదువుతారట, కవిత్వం అంత ప్రమాదమా అని. నలుగురు నవ్వారు. నేనూ నవ్వుతూ ఓ బొమ్మ పెట్టాను.

పది నిమిషాలకి ఒకావిడ ఫోన్. గొంతులో వణుకు. "ఆ సంపుటి లైబ్రరీ నుంచి తీసుకున్నది నేనొక్కదాన్నేనండీ. బావుందని గ్రూపులో చెప్పింది కూడా నేనే."

మిగతాది ఆవిడ చెప్పక్కర్లేకపోయింది. లక్షలమంది ఉన్నచోట "తీసుకున్నవారు" అంటే గుంపు. ఒకే ఒక్కరు తీసుకున్న పుస్తకం దగ్గర అదే మాటకి అర్థం ఆ మనిషి. నేను కట్టిన పెట్టె ఆవిడ చదువు మొత్తాన్ని పేరు రాయకుండా గోడకి అంటించింది. ఐదు నిమిషాల్లో తీసేశాను. ఆవిడకి ఏం చెప్పానో నాకు సరిగా గుర్తులేదు, క్షమించమన్నాను అని మాత్రం తెలుసు. ఆవిడ "మీరు కావాలని చెయ్యలేదు లెండి" అన్నారు, గ్రూపులోంచి వెళ్లిపోయారు.

నెట్‌ఫ్లిక్స్ 2006లో పోటీ కోసం పేర్లు తీసేసిన రేటింగులు బయటపెడితే, నారాయణన్, ష్మాటికోవ్ అనే ఇద్దరు పరిశోధకులు వాటిలో మనుషుల్ని గుర్తుపట్టి చూపించారు. నేను దాని గురించి చదివాను. ఆఫీసులో కొత్తవాళ్లకి పాఠంలా చెప్పాను కూడా.

ఎనిమిదో వారం

లైబ్రరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మేడమ్‌ని పిలిపించారు. తిడతారనుకున్నా. ఆవిడ సొరుగులోంచి రెండు అట్టముక్కలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఇది చూడు బాబూ." ఒకటి చిన్న సంచీలా మడిచిన టికెట్, దాని మీద సభ్యుడి పేరుకి చోటు. "పుస్తకంలో ఉండే కార్డు తీసి ఇందులో దోపేవాళ్లం. గడువు తేదీ వరసలో ట్రేలో పెట్టేవాళ్లం. పుస్తకం తిరిగొస్తే కార్డు పుస్తకంలోకి, టికెట్ మనిషి చేతికి. అంతే."

"అంటే ఎవరు తీసుకున్నారో రికార్డు?"

"ఆ రెండూ కలిసున్నంతసేపే."

అది బ్రౌన్ పద్ధతి, నీనా బ్రౌన్ అనే లైబ్రేరియన్ పేరు మీద. రెండో అట్టముక్క నెవార్క్ పద్ధతిది, పొడుగాటి కార్డు, వరసగా గడువు తేదీలు, పక్కన సభ్యుల నంబర్లు. పుస్తకం తిరిగొచ్చాక అది మళ్లీ పుస్తకంలోకే వెళ్లేది, పాత నంబర్లన్నిటితో. చేతిలోకి తీసుకుని చూస్తూంటే నవ్వొచ్చింది. నేను కట్టిన పెట్టె ఇదే. ఈ కార్డు చూసి నాకంటే ముందు ఎవరు చదివారో వెతుక్కున్నవాళ్లు ఎంతమందో.

"మీరు బ్రౌన్ ఎందుకు ఎంచుకున్నారు మేడమ్? ఇందుకేనా?"

"అబ్బే, క్యూ తొందరగా కదులుతుందని." ఆవిడ అట్టముక్కలు మళ్లీ సొరుగులో పెట్టేశారు. "పుస్తకం వచ్చేశాక రికార్డు దేనికి? పుస్తకం వచ్చేసిందిగా."

ఇంటికొచ్చేదారంతా ఆ మాటే. మొదటి వారం మాటల్లోకి రానిది ఇప్పుడు వచ్చింది. పాఠకుడు తనంతట చెప్పేది వేరు, లైబ్రరీకి తెలిసిపోయేది వేరు. గుడ్‌రీడ్స్‌లో ఉన్నది మొదటిదే, చెప్పనిది అక్కడ పెద్దగా లేదు. లైబ్రరీ డేటాబేసులో అంతా రెండోదే. అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ తన నీతి నియమావళిలో పాఠకుడి గుట్టు కాపాడాలని 1939లోనే రాసుకుంది, కంప్యూటర్లు రాకముందే. రెంటినీ ఒకే గొట్టంలో పోసింది నేను.

తొమ్మిది, పది వారాలు

కోహాలో ఈ మీట కూడా ముందునుంచీ ఉంది. తిరిగొచ్చిన పుస్తకాన్ని సభ్యుడి పేరు నుంచి విడదీసి, ఎవరూకాని ఒక డమ్మీ సభ్యుడి పేరుకి మార్చొచ్చు. సభ్యుడే ఎంచుకోవచ్చు కూడా: ఎప్పటికీ దాచు, మామూలుగా కొన్నాళ్లు దాచు, అసలు దాచొద్దు. రాత్రిపూట నడిచే ఒక స్క్రిప్టు పాతవాటిని తుడిచేస్తుంది. నడిపాం. తను చదివిన జాబితా కావాలన్నవాళ్లకి ముందు నెలరోజులు గడువిచ్చి చెప్పి ఉండాల్సింది, ఇద్దరు చిన్నబుచ్చుకున్నారు. నిజమే, ఇరవై ఏళ్ల చదువు జాబితా పోగొట్టుకోడం చిన్న విషయం కాదు. తొందరపడ్డాను, ఈసారి ఇటువైపు.

గ్రూపు కోసం బుక్‌విర్మ్ అనే, గుడ్‌రీడ్స్ లాంటి సాఫ్ట్‌వేర్ పెట్టి చూస్తున్నాం. యాక్టివిటీపబ్ అనే ప్రమాణం (వెబ్ సంస్థ డబ్ల్యూ3సీ 2018 జనవరిలో ఖాయం చేసింది) ద్వారా వేరే చోట్ల ఉన్న అలాంటి గ్రూపులతో మాట్లాడుతుంది, ఏ ఒక్కరి చేతిలోనూ ఉండదు. నాకు బాగా నచ్చింది ఒకటుంది. రాసే ప్రతి ముక్కకీ ఎవరు చూడాలో అక్కడికక్కడే అడుగుతుంది, అందరూనా, అనుసరించేవాళ్లా, ఒక్కరా అని. ఫలానా పేజీ దగ్గరున్నానంటూ రాయొచ్చు, కాబట్టి ముగింపు ముందే చెప్పి చంపేవాళ్ల బెడద తగ్గింది. మాస్టారు మాత్రం దాన్ని ముట్టుకోనన్నారు. కాగితం మీద రాసిస్తారు, ఎవరో ఒకరు ఎక్కిస్తారు. అలా చీటీల డబ్బా ఒకటి వచ్చింది కౌంటరు పక్కన. ఇప్పుడు ట్యాగుల్లో ఎక్కువ భాగం ఆ డబ్బాలోంచే వస్తున్నాయి. ఇన్ని వారాల ప్రోగ్రామింగ్ తర్వాత గెలిచింది డబ్బా.

పదకొండో వారం

ట్యాగులు ఒప్పుకునే పేజీలో, పెట్టినవాళ్ల పేరు నాకూ మిగతా వాలంటీర్లకీ కనబడకుండా చేశాను. డేటాబేసులో సభ్యుడి నంబరు ఉంటుంది, బూతులొస్తే మేడమ్ తర్వాత వచ్చిన లైబ్రేరియన్ ఒక్కరే చూడగలరు. "కూడా తీసుకున్నారు" పెట్టె స్థానంలో "కలిపి చదవండి" అనే పెట్టె ఉంది, మనుషులు చేత్తో కట్టిన జాబితాలు, ఇష్టమైతే పేరు పెట్టుకోవచ్చు. ముద్రణలు కలిపే పని సగమైంది. "కథలు" పదకొండూ విడివిడిగా, క్షేమంగా ఉన్నాయి.

మొన్న వరసలో ఒక ట్యాగు వచ్చింది, చట్టాల బీరువాలోని ఓ పుస్తకానికి: "మామూలు మనుషులకి అర్థమయ్యే భాష". ఎవరు పెట్టారో చూద్దామని చెయ్యి అలవాటుగా పేరుండే చోటుకి వెళ్లింది. అక్కడేం లేదు. సరే నొక్కాను.

ఈ రాత్రి పడుకోబోతూ గుర్తొచ్చింది. తుడిచేసిన చరిత్రంతా ముప్పై రోజుల బ్యాకప్పుల్లో అలాగే ఉంది, వేరే డిస్కులో, ఐదో వారం గర్వంగా పెట్టినచోట. రేపు సాయంత్రం వాటి పని.